మాజీ సైనికుల సంఘానికి చందా, ఇప్పుడు బిల్డింగ్ ఫండ్ కూడా. అసలు వీళ్లు చేసేదేంటి?

అల్వాల్_అబ్బాయి
మా నాన్న ఆర్మీలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో హవల్దార్‌గా రిటైరయ్యారు. సంక్రాంతి వెళ్లిన వారానికి చనిపోయారు, 71 ఏళ్లు. నెల తిరక్కుండానే మా ఏరియా మాజీ సైనికుల సంఘం నుంచి ఫోన్. పరామర్శ అనుకున్నా. "బాబూ, నాన్నగారి చందా రెండేళ్లది బాకీ ఉంది, ఏడాదికి 200. పై అంతస్తు వేస్తున్నాం, బిల్డింగ్ ఫండ్ ఒక 5,000 రాయించండి" అన్నాడాయన. ఆ బిల్డింగ్ నాకు తెలుసు. గేటు మీద "జై జవాన్", లోపల ఎప్పుడు చూసినా ఓణీల ఫంక్షన్, డీజే. ఆగస్టు 15న జెండా, జనవరి 26న జెండా, డిసెంబర్‌లో బడాఖానా అని సామూహిక విందు. అంతకు మించి ఏం చేస్తారో నాన్న ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ సంఘాలు ఎందుకు పుట్టాయి, ఇప్పుడు ఎందుకున్నాయి? తెలిసినవాళ్లు చెప్పండి. 5,000 కట్టాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం.

కంటోన్మెంట్_కాకి
బడాఖానాకి పాసు ఇప్పిస్తే నీ 200 నేను కడతా అన్నా.

రిటైర్డ్_నాయక్
ముందు మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి. మాసికం కూడా పెట్టకముందే చందా అడిగినవాడికి బుద్ధి లేదు, అందులో నేను మీ వైపే. కానీ బాబూ, ఒకటి అడుగుతాను. అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ మొదలైందా?

అల్వాల్_అబ్బాయి
ఇంకా లేదు సార్. బ్యాంకులో డెత్ సర్టిఫికెట్ ఇచ్చాం. వాళ్లు స్పర్శ్‌లో, అదే ఫౌజీ పెన్షన్ల వెబ్‌సైట్‌లో, చూసుకోమన్నారు. అక్కడ ఏదో తేడా చూపిస్తోంది. నేను అడిగింది వేరే సార్.

రిటైర్డ్_నాయక్
నేను అడిగిందే మీ ప్రశ్నకి జవాబు. సరే, సాయంత్రం తీరిగ్గా రాస్తా.

యాప్రాల్_యాత్రికుడు
వేరేవాళ్లు తీరిగ్గా రాసేలోపు నేను చెప్తా. మా దగ్గరా ఒక సంఘం ఉంది. 14 ఏళ్లుగా ఒకడే సెక్రటరీ. ఎలక్షన్ అంటే "సార్‌కి అనుభవం ఉంది, ఏకగ్రీవం" అని చప్పట్లు. హాలు అద్దె రోజుకి 15,000 తీసుకుంటారు, లెక్క అడిగితే "డిసిప్లిన్ లేదు నీకు" అంటాడు. నేను కూడా 17 ఏళ్లు చేసినవాణ్ణే, సిగ్నల్స్. నాకు డిసిప్లిన్ నేర్పుతాడట! చందా మానేసి ఆరేళ్లయింది. ప్రపంచం ఏం మునగలేదు.

మెట్టుగూడ_మామ
లెక్కలు చూపించని సంఘం ఒక్క ఫౌజీలదేనా? మా అపార్ట్‌మెంట్ వాళ్లకి కనీసం జై జవాన్ అనే బోర్డు కూడా లేదు.

తార్నాక_తాయారు
సైనిక సంక్షేమ బోర్డు అని గవర్నమెంట్‌దే ఉంది కదా, సోమాజిగూడ సైనిక్ ఆరామ్‌ఘర్ దగ్గర మా బాబాయి వెళ్లేవాడు. ఈ చందా అడిగేది వాళ్లేనా?

రిటైర్డ్_నాయక్
కాదమ్మా. అందరూ ఇక్కడే కలిపేస్తారు. తాయారు గారు చెప్పింది సర్కారు వ్యవస్థ. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన సిపాయిల బాగోగులు చూడ్డానికి 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డ్ అని పెట్టారు. 1951లో అందులో నౌకాదళం, వైమానిక దళం పేర్లు కలిశాయి. 1975 నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డ్ అంటున్నారు. దాని కింద రాష్ట్రంలో ఒక ఆఫీసు, జిల్లాల్లో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు. అక్కడ ఎవరూ చందా అడగరు. మనమే దరఖాస్తు పట్టుకుని వెళ్లాలి.

సంఘం అన్నది మనలాంటి వాళ్లం పోగై పెట్టుకున్నది. దేశం మొత్తానికి పెద్దది ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్, మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప గారు 1964లో పెట్టించారు. దానికి అనుబంధంగా కొన్ని ఉన్నాయి, విడిగా రిజిస్టర్ చేసుకున్నవి అంతకంటే ఎక్కువ. రెజిమెంట్ పేరుతో, కోర్ పేరుతో, కాలనీ పేరుతో. సర్కారు ఆఫీసులో స్కీమ్ ఉంటుంది. ఆ స్కీమ్ ఉందని చెప్పి, ఫారం నింపి, ముసలామెను ఆటో ఎక్కించి అక్కడి దాకా తీసుకెళ్లే మనిషి సంఘంలో ఉంటాడు. ఉండాలి. మీ సంఘంలో ఉన్నాడో లేడో నాకు తెలియదు.

బొల్లారం_బుక్స్
ఎందుకు పుట్టాయి అని అడిగారు కాబట్టి వెనక్కి వెళ్తాను, విసుక్కోకండి. సికింద్రాబాద్ 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వచ్చిన కంటోన్మెంట్ ఊరు. 1813లో బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పేరుతో రస్సెల్ బ్రిగేడ్ తయారైంది. అదే తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. బొల్లారం వాళ్ల అడ్డా. 1903లో కంటింజెంట్‌ని ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. 1922లో ఆ పలటన్లు (బెటాలియన్లు) కొన్ని కలిసి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. 1945లో దాని పేరు కుమావ్ రెజిమెంట్‌గా మారింది. అంటే ఇవాళ రాణిఖేత్‌లో ఉన్న కుమావ్ వాళ్ల జాతకంలో మన ఊరి పేరు ఉంది. మొట్టమొదటి పరమవీర చక్ర అందుకున్న మేజర్ సోమనాథ్ శర్మ 1942లో చేరింది 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లోనే. ఇన్ని పలటన్లు ఉన్న ఊళ్లో పెన్షనర్లు ఎంతమంది మిగులుతారు, వాళ్లకి ఎన్ని కాగితాల చిక్కులుంటాయి, ఆలోచించండి.

కంటోన్మెంట్_కాకి
అడిగింది 200 గురించి. చెప్పింది 1813 గురించి.

బొల్లారం_బుక్స్
ముందే చెప్పా విసుక్కోవద్దని.

బర్కస్_భాయ్
నిజాం ఫౌజు సంగతి ఎవరూ ఎత్తలేదేం భయ్యా? బర్కస్ అంటేనే బ్యారక్స్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన మా పెద్దలు ఆ ఫౌజులో చేశారు. మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అంటే ఏసీ మిషన్లు కాదు, ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్, సిద్దీలు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్‌ది, మిగతా రెండు జోధ్‌పూర్, మైసూర్. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్, నిజాం సేనాపతి జనరల్ ఎల్ ఎడ్రూస్ లొంగిపోయాడు, తర్వాత ఆ ఫౌజు చాలావరకు రద్దయింది. మా తాతకి అప్పుడు పాతికేళ్లు. యూనిఫాం తీసేసి సైకిల్ షాపు పెట్టుకున్నాడు. ఆయనకి ఏ సంఘం ఉంది చెప్పండి. సాయంత్రం చాయ్ దగ్గర పాత దోస్తులు నలుగురు కూర్చునేవాళ్లు, అదే సంఘం. ఒకడు పోతే ముగ్గురూ జనాజా మోసేవాళ్లు.

మెట్టుగూడ_మామ
భాయ్, ఏసీ మిషన్లు కాదా? ముప్పై ఏళ్లుగా ఆ ఏరియాలో ఏసీ రిపేర్ షాపులు బాగా ఉంటాయనుకుంటున్నా.

ఫసలీ_1350
బర్కస్ భాయ్ చెప్పిన నలుగురు చాయ్ దోస్తుల దగ్గరే చాలా సంఘాలు మొదలయ్యాయి. నేను సొసైటీల రిజిస్ట్రేషన్ దగ్గర గుమాస్తాగా చేశాను, నా పేరు అందుకే ఇలా. కొత్త చట్టం 2001లో వచ్చింది. అంతకుముందు తెలంగాణ వైపు సంఘాలన్నీ 1350 ఫసలీ చట్టం కింద రిజిస్టరయ్యేవి. ఫసలీకి 590 కలిపితే మన లెక్కలో సంవత్సరం, అంటే 1940 చుట్టుపక్కల. ఆ కాలం ఫైళ్లలో సంఘం ఆశయాలు అని ఒక కాగితం ఉంటుంది. మాజీ సైనికులవి నేను చూసినంతలో మూడే మాటలు తిరిగి తిరిగి వచ్చేవి: పింఛను కాగితాలు, ఇళ్ల స్థలాలు, చనిపోయినవారి కుటుంబం. హాలు అద్దెకివ్వడం అని ఏ ఆశయంలోనూ నేను చదవలేదు. అది తర్వాత వచ్చిన జ్ఞానోదయం.

యాప్రాల్ గారికి ఒక మాట. ఆరేళ్లు చందా మానేస్తే మీరు సభ్యులు కారని బైలాలో ఉండే ఉంటుంది. సభ్యుడు కానివాడు లెక్క అడిగితే చెప్పక్కర్లేదు. 200 కట్టి, సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి అడగండి. ఏటా సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. ఇచ్చారో లేదో అక్కడ అడిగితే తెలుస్తుంది.

యాప్రాల్_యాత్రికుడు
అంటే వాణ్ణి తిట్టడానికి నేనే డబ్బు కట్టాలా?

ఫసలీ_1350
అవును. తిట్టే హక్కు ఖరీదు 200.

సైనిక్‌పురి_సీతాఫలం
ఇళ్ల స్థలాల సంగతి నిజం. సైనిక్‌పురి అన్న పేరే అలా వచ్చింది, రిటైరైన ఫౌజీలు సొసైటీగా ఏర్పడి ప్లాట్లు తీసుకున్న చోటు. మా నాన్న తీసుకున్నప్పుడు సీతాఫలం చెట్లు, పాములు తప్ప ఏమీ లేవట. ఇప్పుడు మా వీధిలో ఫౌజీ ఇళ్లు రెండే మిగిలాయి. ఒకటి మాది, పక్కది కెఫే అయింది.

గోల్కొండ_గన్నర్
సొసైటీ ప్లాటు అదృష్టవంతులది. సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి వాళ్ల గోస వేరు. మాజీ సైనికుడు పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993 నుంచి వెసులుబాటు ఉంది. రాసుకోవడానికి బాగుంది. రిజిస్ట్రేషన్‌కి పోతే నిషేధిత జాబితాలో ఉందంటారు, ఎన్‌ఓసీ తెమ్మంటారు. మా బావ ఆ ఎన్‌ఓసీ కోసం నాలుగేళ్లు తిరిగాడు. 1971 యుద్ధంలో కూడా అంత దూరం నడవలేదంటాడు.

సుబేదార్_గారి_కోడలు
నాయక్ గారు అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. అల్వాల్ తమ్ముడు కొంచెం ఓపిగ్గా చదవాలి, పొడుగే రాస్తున్నాను.

మా మామగారు పోయాక అత్తయ్యకి తొమ్మిది నెలలు పైసా రాలేదు. కారణం చెప్తే నవ్వొస్తుంది. మామగారి డిశ్చార్జ్ బుక్‌లో భార్య పేరు సత్తెమ్మ. ఆధార్‌లో సత్యవతి. పెళ్లప్పటికి ఊళ్లో అందరూ సత్తెమ్మ అనేవారు, పలటన్‌లో క్లర్కు అదే రాసుకున్నాడు. తర్వాత మా ఆయన చదువుకుని, అమ్మ పేరు నాజూగ్గా ఉండాలని ఓటర్ కార్డు నుంచి అన్నింటిలో సత్యవతి చేయించాడు. మంచికే చేశాడు పాపం. బ్యాంకు వాళ్లు "మీ అత్తగారు ఆయన భార్యే అని మేమెలా నమ్మాలి" అన్నారు. నలభై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి, కౌంటర్ ముందు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు, సుబేదార్ మేజర్‌గా రిటైరయ్యారు. గురువారం, గురువారం రెండు గంటల నుంచి కూర్చునేవారు. ఒక ఇనప ట్రంకు, ఒక భూతద్దం, స్టాంపు ప్యాడు. అత్తయ్యని కూర్చోబెట్టి మొదట అడిగింది కాగితాలు కాదు, "సాబ్ లీవులో వచ్చినప్పుడు ఏ రైల్లో వచ్చేవారమ్మా" అని. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పూర్తయ్యేసరికి మా దగ్గర ఏమేం ఉన్నాయో ఆయనకి అర్థమైపోయింది. మామగారు లీవు నుంచి వెళ్లాక రాసిన ఇన్‌లాండ్ లెటర్లు సత్తెమ్మ పేరుతోనే మా అడ్రస్‌కి వచ్చినవి ఉన్నాయి. అవి సాక్ష్యంగా పనికిరావు కానీ దాచమన్నారు. రెండు పేర్లూ ఒకరివే అని మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్, పెళ్లి ఫోటో, ఊరి నుంచి ధ్రువీకరణ, జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం, అన్నీ కలిపి రికార్డ్ ఆఫీసుకి. కవరింగ్ లెటర్ ఆయనే రాశారు, నంబర్, ర్యాంక్, పేరు, పలటన్, ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా. ప్రతి కాగితం వెనక పెన్సిల్‌తో తేదీ. మూడు ఉత్తరాలు పోయాయి. సవరించిన పీపీవో, అంటే పెన్షన్ ఆర్డరు, వచ్చింది, బకాయిలతో సహా.

ఎంత ఇవ్వాలి అని అడిగితే, "చందా 200 బాకీ ఉందమ్మా, అది కట్టండి" అన్నారు. తమ్ముడూ, నీకు వచ్చిన ఫోన్‌లో కూడా ఇదే 200. అందుకే ఇంత రాశాను. అడిగిన తీరు మాత్రం తప్పే.

కంటోన్మెంట్_కాకి
ఇప్పుడు ఆయన ఉన్నారా మేడం?

సుబేదార్_గారి_కోడలు
లేరు. ఆయన పోయాక గురువారాలు ఆగిపోయాయి. ట్రంకు మీద ఇప్పుడు డీజే స్పీకర్ పెడతారు. యాప్రాల్ గారి కోపం నాకూ ఉంది.

యాప్రాల్_యాత్రికుడు
మేడం, అది చదివాక ఇంకా మండుతోంది. హాలు అద్దెల్లోంచి ఒక పింఛను గుమాస్తాని పెట్టుకోలేరా?

గోల్కొండ_గన్నర్
ఇంకో తమాషా. ఈఎంఈ, ఏఓసీ (ఆర్డ్‌నెన్స్) వాళ్ల సర్వీసు రికార్డ్స్ ఇక్కడే సికింద్రాబాద్‌లో. మేం గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయినవాళ్లం, మా రికార్డ్స్ నాసిక్ రోడ్‌లో. సిగ్నల్స్ వాళ్లవి జబల్‌పూర్. మద్రాస్ రెజిమెంట్ వాళ్లవి వెల్లింగ్టన్. కాబట్టి అల్వాల్ తమ్ముడూ, మీ నాన్న ఈఎంఈ కావడం మీ అమ్మ అదృష్టం. ఆటోలో వెళ్లి రావచ్చు.

పల్లవి_పికెట్
నాకొక డౌట్. ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్ కదా, స్పర్శ్, లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖం చూపిస్తే అయిపోతుంది. గురువారం ట్రంకు కాలం అయిపోయిందేమో?

రిటైర్డ్_నాయక్
ఫోన్‌లో ముఖం చూపించేవాడికి అయిపోయింది తల్లీ. ముఖం చూపిస్తే "కళ్లు ఆర్పండి" అంటుంది, మా పక్కింటి ఆవిడకి శుక్లాలు, ఎన్నిసార్లు ఆర్పినా ఒప్పుకోదు. ఆన్‌లైన్ వచ్చాక నా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు, ఓటీపీ మనవడి నంబర్‌కి పోయేవాళ్లు, ఆ మనవడు ఫోన్ ఎత్తనివాళ్లు.

మాటిచ్చినట్టు పొద్దున్నది పూర్తి చేస్తా. కాగితాల పని కాకుండా సంఘం చేసిన పెద్ద పని ఓఆర్‌ఓపీ, వన్ ర్యాంక్ వన్ పెన్షన్. అప్పటిదాకా ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు అయినా ముందు రిటైరైనవాడికి తక్కువ, తర్వాత రిటైరైనవాడికి ఎక్కువ. 2015 జూన్‌లో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. నవంబర్ 7న ఆర్డర్ వచ్చింది, 2014 జూలై 1 నుంచి వర్తింపు, ఐదేళ్లకోసారి సవరణ. ఇక్కడి నుంచి జనరల్ బోగీలో పోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పుడు ఆఫీసర్లు, జవాన్లు ఒకే డేరాలో పడుకున్నాం. ఆర్డర్ వచ్చాక, ఎవరికెంత పెరిగిందో లెక్కలు చూసుకున్నాక, మళ్లీ ఎవరి డేరా వాళ్లది. సంఘాలు రెండయ్యాయి, రెండు నాలుగయ్యాయి.

మెట్టుగూడ_మామ
మన తెలుగువాళ్లు ముగ్గురుంటే నాలుగు సంఘాలు. ఫౌజులోకి వెళ్లొచ్చినా ఆ జబ్బు తగ్గదన్నమాట.

చిలకలగూడ_చిన్నోడు
సంఘం కాదు కానీ స్కూల్లో డిసెంబర్ 7న చిన్న జెండా స్టిక్కర్లు అమ్మేవారు, రూపాయో రెండో. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. ఆ డబ్బు ఈ సంఘాలకే పోతుందా?

రిటైర్డ్_నాయక్
కాదు, అది సైనిక పతాక నిధి, 1949 నుంచి ఉంది. మూడు రంగులూ మూడు దళాలవి. ఆ నిధి నుంచే పెన్షన్ లేని ముసలి ఫౌజీలకి, వితంతువులకి నెలకి 4,000 ఇచ్చేవారు, 65 దాటినవాళ్లకి. 2025 నవంబర్ నుంచి 8,000 చేశారు. కూతురి పెళ్లికి 50,000 ఉండేది, అది లక్ష అయింది. పెన్షన్ లేకపోవడమేంటి అంటారా? జవాన్‌కి 15 ఏళ్లు నిండకపోతే మామూలుగా పెన్షన్ రాదు. పదేళ్లకో పన్నెండేళ్లకో ఇంటికొచ్చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో సగం మందికి ఈ నెల డబ్బుల సంగతే తెలియదు. వాళ్లని వెతికి పట్టుకోవడం సంఘం పని. మల్కాజిగిరిలో ఒకాయన ఏటీఎం దగ్గర వాచ్‌మన్‌గా రాత్రిళ్లు నిలబడేవాడు. మావాడు ఒకడు డబ్బు తీయబోయి, ఆయన నిలబడ్డ తీరు చూసి "ఏ పలటన్ బాబాయ్" అని అడిగాడు. అలా దొరికాడు.

అగ్నివీర్_అన్న
పెన్షన్ లేని ఫౌజీలు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా తమ్ముడు అగ్నివీర్. నాలుగేళ్లయ్యాక చేతికి దాదాపు 11.71 లక్షలు, పెన్షన్ లేదు, ఎక్స్ సర్వీస్‌మన్ హోదా కూడా లేదు. నూటికి 25 మందినే ఉంచుకుంటారు. తిరిగొచ్చేవాణ్ణి మీ సంఘాలు చేర్చుకుంటాయా?

యాప్రాల్_యాత్రికుడు
మా సెక్రటరీ చేర్చుకోడు. "ఎక్స్ సర్వీస్‌మన్ కార్డు చూపించు" అంటాడు.

గోల్కొండ_గన్నర్
రూల్ ప్రకారం చూస్తే ఎలా చేర్చుకుంటాం? సంఘం పేరులోనే మాజీ సైనికులు అని ఉంది. సర్కారు ఆ హోదా ఇవ్వనప్పుడు మనం ఇస్తే రేపు క్యాంటీన్ కార్డు కూడా ఇప్పించమంటారు. కోపం తెచ్చుకోకు తమ్ముడూ, ఉన్న మాట చెప్తున్నా.

బర్కస్_భాయ్
గన్నర్ సాబ్, మా తాతకీ 1948 తర్వాత ఎవరూ ఏ హోదా ఇవ్వలేదు. ఆ ముగ్గురు దోస్తులు కార్డు అడిగారా?

గోల్కొండ_గన్నర్
అలా అంటే నా దగ్గర మాట లేదు భాయ్.

ఫసలీ_1350
చట్టానికి మీ హోదాలతో పని లేదు. సభ్యుడు ఎవరో బైలా చెప్తుంది, బైలాని సర్వసభ్య సమావేశం మార్చుకోవచ్చు. "అసోసియేట్ సభ్యులు" అని ఒక లైను కలిపితే అగ్నివీరులూ వస్తారు, సుబేదార్ గారి కోడలూ వస్తారు. ఆవిడ వస్తే గురువారాలు మళ్లీ మొదలవుతాయేమో.

సుబేదార్_గారి_కోడలు
నన్ను ఇరికించకండి సార్. నాకు పెన్సిల్ తేదీలు వేయడం మాత్రం వచ్చు.

సైనిక్‌పురి_సీతాఫలం
జనవరి 14 వెటరన్స్ డే అని తెలుసా మీకు? కరియప్ప గారు 1953లో రిటైరైన రోజు. మనకేమో సంక్రాంతి. స్మారకం దగ్గర పూలమాల వేయడానికి మా నాన్న బ్లేజర్ వేసుకుని పరేడ్ గ్రౌండ్స్‌కి బయల్దేరితే, అక్కడ పతంగుల పండుగ జనం. ట్రాఫిక్ కానిస్టేబుల్ "అంకుల్, పతంగులకి అటు గేటు" అన్నాడట. మెడల్స్ అన్నీ పెట్టుకుని ఉన్నాడు మనిషి. పతంగి ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చాడు, పూలమాల వేశాకే లెండి.

కంటోన్మెంట్_కాకి
ఈ థ్రెడ్ మొత్తంలో నాకు నచ్చింది ఇదే.

అల్వాల్_అబ్బాయి
అన్నీ చదివాను. శనివారం సంఘానికి వెళ్లా, గొడవ పెట్టుకుందామనే. ఫోన్ చేసినాయన కొత్త ట్రెజరర్, నాన్న చనిపోయిన సంగతే తెలియదట. నంబర్ నా దగ్గరుంది కాబట్టి నాకు చేశాడు, "నాన్నగారి చందా" అంటే నాన్న ఊళ్లో లేరేమో అనుకున్నాడట. మేమూ ఎవరికీ చెప్పలేదు, అది నిజం. క్షమించమన్నాడు. నేను ఏమీ అనలేకపోయా.

బీరువాలోంచి పాత రిజిస్టర్ తీశాడు. 2009 నుంచి 2016 దాకా మూడో నెల, ఆరో నెల అని పేజీలున్నాయి, ఎవరి ఫారాలు ఎవరు నింపారో. మా నాన్న చేతిరాత నాకు తెలుసు, ఏడు అంకెకి మధ్యలో గీత పెడతాడు. పేజీల నిండా ఆ ఏడులు. శనివారం పొద్దున "బయటికెళ్లొస్తా" అని వెళ్లేవాడు, మేం క్యాంటీన్‌కి అనుకునేవాళ్లం.

తేడా ఏంటో కూడా దొరికింది. అమ్మ పుట్టిన తేదీ డిశ్చార్జ్ బుక్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఊరందరి ఫారాలు నింపినవాడు తన ఇంటిది చూసుకోలేదు. 400 కట్టేశా. 5,000 కట్టలేదు, ముందు హాలు అద్దె లెక్క చూపించమన్నా. ఫసలీ సార్ మాట గుర్తొచ్చింది, ఏప్రిల్‌లో సమావేశం ఉందట, వస్తానని చెప్పా. ఇప్పుడు పుట్టిన తేదీకి ఏం చేయాలి?

రిటైర్డ్_నాయక్
డిశ్చార్జ్ బుక్, పీపీవో, డెత్ సర్టిఫికెట్, అమ్మగారి ఆధార్, పాన్, టెన్త్ మెమో ఉంటే అది, లేకపోతే లేదు. జాయింట్ ఫోటో పాతది ఒకటి. నాన్నగారు 67 దాటాక పోయారు కాబట్టి మామూలు ఫ్యామిలీ పెన్షన్, చివరి జీతంలో 30 శాతం లెక్క. ఎక్కువ వస్తుందని ఎవడైనా చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి. ఈసీహెచ్‌ఎస్ వైద్యం కార్డు కూడా అమ్మగారి పేరు మీదికి మార్పించండి, ఇప్పటిదాకా డిపెండెంట్‌గా ఉండి ఉంటుంది. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, తర్వాత రికార్డ్స్.

అల్వాల్_అబ్బాయి
రెండేసి జిరాక్సులు చాలా సార్?

సుబేదార్_గారి_కోడలు
నాలుగేసి తీయించు. వెనక పెన్సిల్‌తో తేదీ వెయ్యి. పెన్నుతో వద్దు.